మూడు ఎర్ర గీతల కథ

అర్ధ సంవత్సర పరీక్షల సెలవులయ్యాక, జనవరి మొదటి వారంలో ఏడో తరగతి పిల్లలను ‘మా ఇంట పండుగ’ మీద పది వాక్యాలు రాసుకురమ్మన్నాను. మాది తమిళనాడులో, కృష్ణగిరి జిల్లాలో ఒక తెలుగు మాధ్యమం బడి. ఒకమ్మాయి ఇలా రాసుకొచ్చింది: “క్రిస్మసు పొద్దు మేము కోయిలకు పోతిమి. అయ్యగారు తెల్ల అంగీ ఏసుకోనుండె. మేమంతా మెళుగుబత్తులు ముట్టిస్తిమి.”

ఎర్ర పెన్ను నా చేతిలో ఉంది. ‘కోయిల’ కొట్టేసి ‘చర్చి’ అని రాశాను. పక్కన ‘కోయిల పక్షి కదా?’ అని కూడా రాశాను. ఆ చమత్కారం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ‘అంగీ’ కొట్టేసి ‘వస్త్రం’, ‘మెళుగుబత్తి’ కొట్టేసి ‘కొవ్వొత్తి’ అని దిద్దాను. పదికి నాలుగు మార్కులు వేశాను.

మరుసటి సోమవారం వాళ్ళమ్మ బడికి వచ్చింది. కోపంగా రాలేదు. కోపంగా వచ్చి ఉంటే నాకు సులువుగా ఉండేది. “ఇంట్లో మేము మాట్లాడేది తెలుగు కాదని మీరే గీత కొట్టి పంపిస్తిరి గదా టీచరమ్మా. బయటంతా తమిళం. ఇంక బిడ్డ రెండింటికీ కాకుండా పోతాది. టీసీ ఇచ్చేయండి, తమిళ బళ్ళో ఏస్తాము” అనింది.

నాకు మాట రాలేదు. ఈ రాష్ట్రంలో 2006 చట్టం వచ్చాక తెలుగు పిల్లలకు తమిళం తప్పనిసరి పాఠ్యభాష అయింది. ఆ భారం, దాని మీద నడిచిన కోర్టు వ్యవహారాలు ఈ పుట చదివే తల్లిదండ్రులకు కొత్త కాదు. ఆ కారణంతో టీసీ అడిగితే చెప్పడానికి నా దగ్గర నాలుగు మాటలుంటాయి. ఈమె అడిగింది మాత్రం నా పెన్ను గీతను చూపించి. “పది రోజులు ఆగమ్మా” అన్నాను.

ఆ రాత్రి నిఘంటువులు ముందేసుకుని కూర్చున్నాను. మాది ఆ మతం కాదు. చర్చిలో వస్తువుల పేర్ల గురించి అంతకుముందు ఎప్పుడూ ఆలోచించలేదు.

మొదట కోయిల. తమిళంలో ‘కో’ అంటే రాజు, దేవుడు. ‘ఇల్’ అంటే ఇల్లు. మన ‘ఇల్లు’ దాని తోడబుట్టినదే. కోయిల్ అంటే ప్రభువు ఇల్లు. అదే మాట తెలుగులోకి వచ్చి కోవెల అయింది. కోవెలను ఎవరూ తప్పు తెలుగు అనరు, పద్యాల్లో ఉంది, ఇంటిపేర్లలో ఉంది. తమిళ క్రైస్తవులు చర్చిని కోవిల్ అంటారు గనుక వాళ్ళ పక్కన బతికే మన తెలుగువాళ్ళు కోయిల అన్నారు. అంతవరకు బాగానే ఉంది. నేను దిద్దిన ‘చర్చి’ సంగతేమిటని ఆంగ్ల నిఘంటువు తీశాను. అది గ్రీకులో ‘కురియకోన్’ అనే మాట నుంచి వచ్చిందట. కురియోస్ అంటే ప్రభువు. కురియకోన్ అంటే ప్రభువుది, ప్రభువు ఇల్లు.

అంటే ఆ అమ్మాయి రాసిన మాటను కొట్టేసి, సరిగ్గా అదే అర్థం ఉన్న మాటను గ్రీకు, ఇంగ్లీషుల మీదుగా తిప్పి తెచ్చి పైన రాశాను. ఇద్దరి మాటా ఒకటే. మార్కులు మాత్రం నేను కోశాను.

ఇక్కడే ఇంకో పాయ ఉంది. యానాంలో ఫ్రెంచి కాలంనాటి సెయింట్ ఆన్స్ చర్చి ఉంది గదా, ఫ్రెంచివాళ్ళు దాన్ని ‘ఎగ్లీజ్’ అంటారు. పోర్చుగీసువాళ్ళు ‘ఇగ్రేజ’ అన్నారు. దాన్నే కన్నడంలో ‘ఇగర్జి’ అంటారు, మంగుళూరు వైపు ఉన్నవాళ్ళకు బాగా తెలుసు. ఇవన్నీ గ్రీకు ‘ఎక్లేసియా’ పిల్లలు. దాని అర్థం ఇల్లు కాదు, పిలిస్తే కూడిన జనం. మన తెలుగు క్రైస్తవులు ‘సంఘం’ అంటారే, అది. కట్టడం పేరు ఒక పాయ, జనం పేరు ఒక పాయ. తెలుగువాళ్ళు రెండూ ఉంచుకున్నారు: గుడికి పోతారు, సంఘంలో ఉంటారు. ఈ గుడి కూడా పెద్ద మాటేమీ కాదు. గుడి, గుడిసె ఒకే తల్లి బిడ్డలు.

ఆ శనివారం ఏడు, ఎనిమిది తరగతుల్లో పందొమ్మిది మందిని వెంటబెట్టుకుని దగ్గరలోని పాత రాతి చర్చికి వెళ్ళాను. అందులో క్రైస్తవుల పిల్లలు నలుగురే. తాళం తీసిన పెద్దాయనను ఇక్కడ కోయిల్‌పిళ్ళై అంటారు. చర్చి ఊడ్చి, గంట కొట్టి, దీపాలు చూసుకునే మనిషికి తమిళ సంఘాల్లో ఉన్న పేరు అది. ఆయన ఒక్కొక్క వస్తువుకూ తమిళం చెప్పాడు, పిల్లలు తమ ఇంటి తెలుగు చెప్పారు, నేను రాసుకొచ్చిన మూలాలు చెప్పాను. మూడు గడుల పట్టీ. ఇంతకుమించి పథకం ఏమీ లేదు.

ఎదురుగా బలిపీఠం. తమిళంలోనూ అదే మాట. పిల్లల్లో ఒకడు వెంటనే, “మా ఊరి శివాలయంలో ధ్వజస్తంభం కాడ బలిపీఠం ఉంది టీచర్” అన్నాడు. నిజమే. దేవుడికి పెట్టే అన్నపు ముద్దలు, పూలు ఉంచే చిన్న రాతి పీఠం. బలి అంటే మొదట నైవేద్యమే. తొలినాటి అనువాదకులు పొరుగునున్న ఆలయం నుంచి ఆ మాట తెచ్చుకున్నారు. అయితే తెలుగు ప్రొటెస్టెంటు సంఘాల్లో నాకు అంతకన్నా నచ్చిన మాట ఇంకోటి ఉంది: బల్ల. “ఈ ఆదివారం బల్ల ఉంది” అంటే రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆరాధన ఉందని. ప్రభువు బల్ల. పిల్లలు కూర్చునేది బల్లే, నేను సుద్దతో రాసేది నల్లబల్ల మీదే. వడ్రంగి కొట్లో చెక్కకు ఉన్న పేరు అంత దూరం వెళ్ళింది.

పీఠానికి ముందు మోకాళ్ళెత్తున చెక్క కటకటాలు ఉన్నాయి. వీటి దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగాను. ఇలాంటి జాలీ కటకటాలను లాటిన్‌లో ‘కాన్‌కెల్లి’ అంటారు. వాటి వెనకున్న భాగానికి ఇంగ్లీషులో ఛాన్సెల్ అని పేరు వచ్చింది. రోమను న్యాయస్థానంలో కటకటాల దగ్గర కూర్చునే గుమాస్తా ‘కాన్‌కెల్లారియుస్’. అతని వారసులే నేటి విశ్వవిద్యాలయాల ఛాన్సలర్లు. కాగితం మీద రాసినదాన్ని అడ్డంగా, నిలువుగా గీతలు గీసి కొట్టేస్తే అది జాలీలాగా కనబడుతుంది గదా, ఆ పనికి పెట్టిన పేరు క్యాన్సిల్. ఇది చెబుతూ ఆ అమ్మాయి వైపు చూశాను. తను కటకటాల సందుల్లోంచి వేళ్ళు పోనిచ్చి ఆడుకుంటోంది. విన్నదో లేదో తెలియదు.

గోడమీది సిలువ గురించి ఈ పుట చదివే ఇతర రాష్ట్రాల ఉపాధ్యాయులకు ప్రత్యేకంగా చెప్పాలి. సిలువ చూడటానికి అచ్చ తెలుగు మాటలా ఉంటుంది. కానీ అది సిరియాక్ భాషలోని ‘స్లీబా’. కేరళలో సిరియను క్రైస్తవులు ఇప్పటికీ ‘స్లీవా’ అంటారు. తమిళంలో సిలువై, కన్నడంలో శిలుబె, మనకు సిలువ. ఉర్దూవాళ్ళ ‘సలీబ్’ అరబ్బీ వైపునుంచి వచ్చిన దాయాది. పోర్చుగీసు ఓడలు ఈ తీరానికి చేరకముందే పడమటి సముద్రం మీద వర్తకులతో, వాళ్ళ గురువులతో తిరిగిన మాట ఇది. చెన్నైలో పరంగిమలై మీద ఉన్న పాత రాతి సిలువ చుట్టూ పహ్లవీ లిపిలో చెక్కిన అక్షరాలున్నాయి. పాత పర్షియా లిపి అది. మదరాసు తెలుగు పిల్లలను ఎప్పుడైనా అక్కడికి తీసుకెళ్ళి చూపించండి. దక్షిణం దాటితే మాట మారిపోతుంది. మరాఠీలో క్రూస్, ప్రొటెస్టెంటు బైబిలులో వధస్తంభ్. ఒడియాలో క్రుశ. బరంపురంలోనో షోలాపూరులోనో చదివే మన పిల్లవాడు బడిలో ఒకటి, ఇంట్లో ఒకటి వింటాడు. రెంటికీ రెండు వేర్వేరు దారులున్నాయని చెబితే ఏ ఒక్కటీ తప్పు కాదని వాడికే తెలుస్తుంది. (పరంగి అన్నాను గనుక ఒక మాట. ఫ్రాంకులు అనే జాతి పేరు పర్షియన్‌లో ఫరంగ్ అయి, ఐరోపావాళ్ళందరికీ ఫిరంగి అని పేరైంది. వాళ్ళు తెచ్చిన ఆయుధానికి మనవాళ్ళు అదే పేరు పెట్టారు.)

పీఠం పక్కన ఎత్తయిన చెక్క కుర్చీ ఒకటి ఉంది, బిషప్పు వచ్చినప్పుడు కూర్చునేది. “దీన్నేమంటారు?” అంటే పిల్లలు కుర్చీ అన్నారు, కోయిల్‌పిళ్ళై నార్కాలి అన్నాడు. నాలుగు కాళ్ళది అని. కుర్చీ అరబ్బీ ‘కుర్సీ’. అరబ్బీకి అది అరమేయికు భాష వైపునుంచి చేరింది. హీబ్రూలో సింహాసనానికి ఉన్న ‘కిస్సే’ దాని దగ్గరి చుట్టం. యేసు మాట్లాడిన భాష అరమేయికు అని చెబుతారు. ఆ లెక్కన పవిత్రమని మనం దూరంగా నిలబడి చూసే పీఠంకన్నా, పెళ్ళిళ్ళకు అద్దెకు తెచ్చే ప్లాస్టిక్ కుర్చీ పేరే యెరూషలేముకు దగ్గర. పిల్లలు దీనికి చాలాసేపు నవ్వారు.

గ్రీకులో కుర్చీ పేరు కతెద్రా. బిషప్పు కుర్చీ ఏ చర్చిలో ఉంటే అది కెథెడ్రల్. ఇంగ్లీషు ‘చైర్’ ఫ్రెంచివాళ్ళ నోట్లో అరిగిపోయిన కతెద్రాయే. పోర్చుగీసులో ‘కదైర’ అయి, మలయాళంలో కసేర, శ్రీలంక తమిళంలో కదిరై అయింది. ఇక మన తెలుగు కతోలికులు బిషప్పు ఏలుబడిలోని ప్రాంతాన్ని ‘మేత్రాసనం’ అంటారు: గుంటూరు మేత్రాసనం, విజయవాడ మేత్రాసనం. ఈ మాటను నేను చాలాకాలం సంస్కృతం అనుకున్నాను. చివర ఉన్న ఆసనం సంస్కృతమే. ముందున్న ‘మేత్ర’ మాత్రం కేరళలో బిషప్పును పిలిచే ‘మెత్రాన్’. దాని మూలం గ్రీకు మెట్రోపొలిటన్, అంటే తల్లి నగరానికి చెందినవాడు. గ్రీకు తల మీద సంస్కృతపు పీట వేసి తమిళంలో మేత్రిరాసనం, తెలుగులో మేత్రాసనం చేశారు. ఎంత బాగా అతికిందంటే అతుకు కనబడదు. మిశ్రమ భాష అని మన పిల్లలను ఎద్దేవా చేసేవాళ్ళకు చూపించదగ్గ మాట.

మిగతా సామాను గబగబా చూశాం. పల్పిట్ అంటే లాటిన్‌లో నటులు ఎక్కే వేదిక. మన ప్రసంగ పీఠం అంతకన్నా మర్యాదైన పేరు. బాప్తిస్మం ఇచ్చే రాతి గిన్నెను ఇంగ్లీషులో ఫాంట్ అంటారు, ఊట అని అర్థం. ముంచి బాప్తిస్మం ఇచ్చే సంఘాలవాళ్ళు తెలుగులో తొట్టి అంటారు. తెలుగు బైబిలులో పసిబిడ్డ యేసును పడుకోబెట్టింది పశువుల తొట్టిలో. రెండు తొట్లూ ఒకటే మాట అని ఎత్తి చూపింది నేను కాదు, ఎనిమిదో తరగతి అబ్బాయి.

వెనక గదిలో ఇనుప బీరువా. మా పిల్లలు బీరో అంటారు, తమిళంలోనూ అంతే. ఫ్రెంచిలో బ్యూరో అంటే మొదట రాతబల్ల మీద పరిచే ముతక ఉన్నిగుడ్డ. ఆ గుడ్డ పేరు బల్లకు, బల్ల పేరు బల్ల ఉన్న కచేరీకి పాకింది. మనకొచ్చేసరికి గుడ్డలు దాచే పెట్టె అయింది. అదే గదిలో గోడలోపల చెక్క తలుపుల అల్మారా ఉంది. అది పోర్చుగీసు ‘అర్మారియు’. లాటిన్‌లో పనిముట్లు, ఆయుధాలు దాచే అర. ఇంగ్లండులో పాత చర్చిల గోడల్లో పవిత్ర పాత్రలు దాచే గూటిని ‘ఆంబ్రీ’ అంటారు. మన అల్మారాకు అది సొంత అక్క.

కోయిల్‌పిళ్ళై బీరువా తెరిచి అయ్యగారి బట్టలు బయటికి తీశాడు. తెల్లగా, పొడుగ్గా ఉన్నదాన్ని చూపించి, “అంగి” అన్నాడు. ఆ అమ్మాయి నా వైపు చూసింది.

అంగీ మీద గీత పెట్టడం నా అజ్ఞానం. అది తమిళం నుంచి జారిపడిన మాట కాదు. ఒంటిని చెప్పే అంగం అనే మాటకు చుట్టం, తెలుగు నిఘంటువుల్లో ఉంది, తెలుగు బైబిలులో యోసేపు తొడుక్కున్నది నిలువుటంగీయే. అసలు నిర్గమకాండంలో అహరోనుకు కుట్టించిన యాజక వస్త్రాల పేర్లు చూడండి: పతకం, నిలువుటంగీ, చొక్కాయి, పాగా, దట్టి. ఎడారిలో నిలబడ్డ హీబ్రూ యాజకుడికి మన పల్లె పెద్దమనిషి బట్టలు తొడిగారు. ఒక్క ‘ఏఫోదు’ మాత్రం ఏ తెలుగు బట్టకూ పోలక హీబ్రూ పేరుతోనే ఉండిపోయింది. ఉన్నచోట ఇంటి మాట, లేనిచోట వచ్చిన మాట. ‘వస్త్రం’ అని నేను దిద్దినదాంట్లో ఆకారమూ లేదు, పొడవూ లేదు.

పాశ్చాత్యుల పేర్లూ అంతే. మెడలోంచి రెండు వైపులా వేలాడే పట్టీని స్టోల్ అంటారు. గ్రీకులో దాని అర్థం ఉడుపు, అంతే. దానికంటే ముందున్న లాటిన్ పేరు ‘ఒరారియుం’, మూతి తుడుచుకునే గుడ్డ. మన కండువా చరిత్ర కూడా తుండుగుడ్డ దగ్గర మొదలవుతుందేమోనని నా అనుమానం. తువ్వాలు పోర్చుగీసు ‘తువాల్య’. ఆ భాషలో బలిపీఠం మీద పరిచే గుడ్డకూ అదే పేరు. లోపల తొడిగే ఆల్బ్ అంటే ‘తెల్లది’, రోమనులు రోజూ తొడిగిన చొక్కా. కతోలిక గురువులు పూజలో అన్నిటికన్నా పైన వేసుకునే గుండ్రటి పెద్ద వస్త్రం చాజుబుల్. లాటిన్‌లో కాసులా, అంటే చిన్న ఇల్లు. మనిషి మొత్తాన్ని గుడిసెలా కప్పుతుంది గనుక ఆ పేరని ఏడో శతాబ్దంలో సెవిల్ నగరపు ఇసిదోరు రాశాడు. అది మొదట వానకూ చలికీ ప్రయాణికులు కప్పుకున్న గొంగడి వంటిది. మా ప్రాంతంలో వాన వస్తే గొర్రెల కాపరి గొంగడిని కొప్పెర వేసుకుంటాడు. పిల్లలకు అది చెబితే ఇక బొమ్మ గీయాల్సిన పనిలేకపోయింది.

నాకు బాగా నవ్వొచ్చింది ‘సర్ప్లిస్’ దగ్గర. అంగీ మీద తొడిగే వదులైన తెల్ల చొక్కా. లాటిన్‌లో దాని పేరుకు అర్థం ‘ఉన్నితోలు కోటు మీదిది’. ఉత్తర ఐరోపా చలికి చర్చిలో గురువులు బొచ్చుకోట్లు తొడుక్కునేవారు, వాటి మీద పట్టేంత వదులుగా కుట్టిన చొక్కా అది. అదే పేరుతో మన మే నెల ఎండలోకి వచ్చింది. కింద బొచ్చు లేదు, చెమట ఉంది.

చాపెల్ అనే మాటకూ ఒక బట్టే మూలం. నాలుగో శతాబ్దంలో మార్టిన్ అనే రోమను సైనికుడు ఆమియెన్ ఊరి వాకిట చలికి వణుకుతున్న బిచ్చగాడికి తన పైదుప్పటిని కత్తితో సగం కోసి ఇచ్చాడని కథ. ఆ దుప్పటిని ఫ్రాంకు రాజులు పవిత్ర వస్తువుగా దాచుకున్నారు. దుప్పటిని ‘కాపా’ అంటారు, దాన్ని దాచిన గది ‘కాపెల్లా’, కాపలా ఉన్నవాడు చాప్లెయిన్. సగం దుప్పటి ఒక కట్టడానికీ ఒక ఉద్యోగానికీ పేరు పెట్టింది.

చివరగా మూడో గీత. కొవ్వొత్తి అంటే క్రొవ్వు, వత్తి. జంతువుల కొవ్వు కరిగించి చేసిన వత్తి. చర్చిలో పాతకాలం నుంచి కోరేది తేనెమైనంతో చేసినది. తమిళంలో మెళుగు అంటే మైనం, కన్నడంలో మేణ. వాళ్ళది మేణదబత్తి, మరాఠీవాళ్ళది మేణబత్తి, ఒడియాలో మహమబతి. చుట్టుపక్కల భాషలన్నీ మైనం అంటుంటే మనం ఒక్కరమే కొవ్వు అంటున్నాం. ఆ అమ్మాయి మెళుగుబత్తి ఆ ఇంట్లో వెలిగే వస్తువుకు నా దిద్దుబాటుకన్నా దగ్గరగా ఉంది. అయితే పరీక్షలో కొవ్వొత్తి అనే రాయాలి, ఆ సంగతి తనకు చెప్పాను. పాఠ్యపుస్తకం మాట రాకపోతే నష్టపోయేది తనే. ఇప్పుడు నేను చేసేదల్లా ఇంటి మాట కింద చిన్న గీత గీసి, పక్కన పుస్తకం మాట రాయడం. మాట మీద గీత పెట్టడం లేదు. పోతిమి, ముట్టిస్తిమి అనే క్రియలకూ ఇదే పద్ధతి.

పదో రోజు వాళ్ళమ్మ వచ్చింది. పిల్లలు రాసిన మూడు గడుల పట్టీని బల్ల మీద పరిచాను. ఆమెకు చదువు రాదు, అమ్మాయే వేలు పెట్టి చదివి వినిపించింది. కోయిల దగ్గర ఆగి, “చర్చి అన్నా అదే అర్థమంట మా” అనింది. ఆమె కాసేపు ఊరుకుని, “అయితే మా అత్త అనే మాట ఒకటుంది, అదీ రాసుకుంటారా?” అని అడిగింది. వాళ్ళత్త మధ్యాహ్నం గంటను ఏదో పేరు పెట్టి పిలుస్తుందట. నాకు ఏ నిఘంటువులోనూ దొరకలేదు. నాలుగో గడి గీసి రాసుకున్నాం.

టీసీ దరఖాస్తు నా సొరుగులోనే ఉంది. ఏప్రిల్ దాకా ఆమె మళ్ళీ అడగలేదు.